తొమ్మిది మీటర్ల సందు

నమోదు 2211. సోమవారం.

పోటు 1.4 మీటర్లు. గాలి ఆగ్నేయం నుంచి, తక్కువ. ఎనిమిది వరసలు, వరసకి పద్నాలుగు పంట్లు, అన్నీ క్షేమం. పొద్దున్న అయిదున్నరకి డ్రాయింగ్ వించ్‌లకి వదిలాను.

వదలగానే రోజూలాగే నీళ్లలో మోకులు చుట్టే వించ్‌లు మూలిగాయి. రాత్రి పోటుకి అటూ ఇటూ జరిగిన పంట్లన్నీ మోకులు బిగిసి, నేను గీసిన గీతల మీదికొచ్చి నిలబడ్డాయి. నాలుగో వరసలో ఎవరింట్లోనో గిన్నె దొర్లిన చప్పుడైంది. వించ్‌లు తిరిగే వేళకి పొయ్యి మీద ఏమీ పెట్టొద్దని ఆరేళ్లుగా మైకులో చెబుతున్నాను. ఒక్కరు వింటే ఒట్టు.

ఈ పుస్తకంలో పోటు, గాలి, మార్పులు మాత్రమే రాయాలని నియమం. సొంత గోల రాయకూడదు. నాకు ముందు ఇరవై ఆరేళ్లు ఈ కుర్చీలో కూర్చున్న పోతురాజు బాబాయ్ అలాగే రాశాడు: పోటు ఇంత, గాలి ఇంత, అంతా క్షేమం. నాకు అంత పొదుపు చేతకాదు. పేరు నూకరత్నం, పని ఈ ఊరి దూరాలు చూడటం, నోరు కాస్త పెద్దది. చదివేవాళ్లు ఎలాగూ లేరు కాబట్టి రాసుకుంటూ పోతాను.

మాకు ఇల్లంటే పంటే. పద్దెనిమిది మీటర్ల పొడుగు, కింద ఇనప డ్రమ్ములు, పైన చెక్క నేల, రెండు గదులు. మా తాతల కాలంలో గోదావరి దాటడానికి పంటు ఎక్కేవారట. నేల నీళ్లలోకి పోయాక ఎక్కినవాళ్లు ఇక దిగలేదు.

ఇవాళ రెండో వరసలో ఒక దూరం చూపులు జరిపించాను. ఒకావిడ వంటిల్లు మీటరు పెంచుకుంది, పంటు కాస్త జరపాలి. మామూలుగానే రెండు పంట్ల ఇల్లాళ్లూ నా తెర ముందు కూర్చున్నారు. మధ్య సందు మీద అంకె చూశారు. తొమ్మిది. ఇద్దరూ సరేనని వేలిముద్ర వేశారు. నేను ఇద్దరి నోట్లోనూ పటికబెల్లం పెట్టాను. ఇక ఆ అంకె మీద మాట ఉండదు. పొరుగువాళ్లు వేరే దేనికైనా జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు గానీ, ఒప్పుకున్న దూరం గురించి మా ఊళ్లో ఎవరూ నోరెత్తరు.

పంటుకీ పంటుకీ మధ్య తొమ్మిది మీటర్లు ఉండాలి. తగ్గితే తుఫాను కెరటాలకి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. నా చిన్నప్పుడు మూడో వరసలో అలా రెండు పంట్లు పగిలాయి. పదకొండు మంది పోయారు.

రేడియోలో అండమాన్ దగ్గర అల్పపీడనం అన్నారు. వచ్చే మంగళవారానికి మన మీదికి రావచ్చట. రేపట్నుంచి తుఫాను సరిచూపు మొదలుపెట్టాలి.

నమోదు 2212. మంగళవారం.

పోటు 1.5. గాలి అలాగే ఉంది.

సరిచూపు అంటే ఇన్నాళ్లూ నేను చేసింది, వరసలో ఒక్కో సందు మీద అంకె చదువుకుంటూ పోవడం. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. పూజారి సహస్రనామం చదివినట్టు గడగడా అయిపోయేది. ఈసారి వించ్‌లు చూసే భద్రం కొత్త పేచీ పెట్టాడు. "అక్కా, మోకులు పాతబడిపోయినియ్యి. ఏ వరసకి ఎంత మోకు కావాలో మొత్తం కూడి ఇయ్యి. సగంలో చాలకపోతే నడి సముద్రంలో నేనేం చెయ్యను?"

అందుకని కూడాను. మూడు వరసలు సరిపోయాయి. నాలుగో వరస సరిపోలేదు.

పద్నాలుగు పంట్లు, మధ్య పదమూడు సందులు, రెండు చివర్లా స్తంభం దాకా పదకొండేసి మీటర్లు. కూడితే 391. కానీ తూర్పు స్తంభం నుంచి పడమటి స్తంభానికి డ్రాయింగ్‌లో ఉన్నది 367. ఇరవై నాలుగు మీటర్లు తేడా. సముద్రంలో గుచ్చిన స్తంభాల మధ్య, ఉన్న చోటుకన్నా ఇరవై నాలుగు మీటర్లు ఎక్కువ ఊరు పట్టింది.

నాలుగుసార్లు కూడాను. తర్వాత భద్రంతో పడవెక్కి లేజర్ పట్టుకుని స్తంభాల దగ్గరికే వెళ్లాను. 367.02. స్తంభాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"సముద్రం సాగిందేమో అక్కా," అన్నాడు భద్రం.

"నీ బుర్ర సాగింది. పోనీ పడవ."

మిగతా నాలుగు వరసలూ మధ్యాహ్నం కూడాను. అన్నీ పైసా తేడా లేకుండా ఉన్నాయి. తేడా నాలుగో వరసలోనే. నేనుండేదీ నాలుగో వరసలోనే.

నమోదు 2213. బుధవారం.

పోటు 1.5. అల్పపీడనం వాయుగుండమైంది.

పొద్దున్న డ్రాయింగ్ వదలగానే నాలుగో వరస తెరిచాను. రాసి ఉన్న అంకెలు చదవడం మానేసి, గీతకీ గీతకీ మధ్య కొలిచాను. దూరం కొలిచే కమాండ్‌కి రెండు నొక్కులు చాలు, ఈ పంటు మూల ఒకటి, ఆ పంటు మూల ఒకటి. స్నాప్ పెట్టుకుంటే బాణం మూలకి దానంతటదే అతుక్కుంటుంది. పెట్టుకోకపోతే కంటి అంచనాకి వేలెడు అటో ఇటో పడుతుంది. నేను పని నేర్చుకున్న మొదటి రోజు పోతురాజు బాబాయ్ నెత్తి మీద మొట్టి మరీ చెప్పిన సంగతి ఇది.

మొదటి సందు 9.00. రెండోది కొలిస్తే 5.60 వచ్చింది. పైన రాసి ఉన్నది మాత్రం 9.00.

స్నాప్ తీసి మళ్లీ పెట్టి కొలిచాను. 5.60.

ఆ అంకె మీద రెండుసార్లు నొక్కాను. గడి తెరుచుకుంది. మామూలుగా అక్కడ ఏమీ ఉండదు, గీత ఎంతుంటే అంకె అంత చూపిస్తుంది. ఇక్కడ ఎవరో చేత్తో టైపు చేశారు, 9.00 అని. అలా ఒకసారి టైపు చేస్తే గీత ఎంత జరిగినా అంకె మారదు. వించ్‌లు అంకెలు చదవవు, గీతలే చూస్తాయి. మనుషులు గీతలు చూడరు, అంకెలే చదువుతారు.

పదమూడు సందుల్లో ఏడు అలాంటివే. అయిదుంబావు, అయిదున్నర, అయిదు ముప్పావు, ఆ చుట్టుపక్కలే అన్నీ. ఏడింటిలో తగ్గినదంతా కలిపితే సరిగ్గా ఇరవై నాలుగు మీటర్లు. ఆ చేత్తో రాసినవాటిలో ఒకటి ఆరో పంటుకీ ఏడో పంటుకీ మధ్య. అసలు దూరం 5.50. ఆరో పంటు నాది.

ఏడోది గౌరమ్మత్తది. మా రెంటి మధ్యా నడిచి దాటడానికి బల్ల ఉంది. నా కూతురు ప్రసన్న నలభై రోజుల పిల్లగా ఉన్నప్పట్నుంచీ ఆ బల్ల మీదే పెరిగింది. నేను తెల్లారకముందే డ్రాయింగ్ గదికి వచ్చేస్తాను కాబట్టి పిల్ల పడుకునేది, తినేది, తన్నులు తినేది కూడా ఆవిడ దగ్గరే. బంధుత్వం ఏమీ లేదు. బల్లే మా బంధుత్వం.

ఆ బల్ల పొడవు ఆరు మీటర్లు. ఎనిమిదేళ్లుగా రోజుకి పదిసార్లు దాని మీద నడుస్తున్నాను. తొమ్మిది మీటర్ల సందుకి ఆరు మీటర్ల బల్ల ఎలా అందిందో, ఈ ఊరి దూరాలు చూసే మహాతల్లికి ఒక్కసారైనా అనుమానం రాలేదు. అంకె చూశాను, వేలిముద్ర వేశాను, బెల్లం తిన్నాను. అయిపోయింది.

సాయంత్రం గౌరమ్మత్తని అడిగాను. ఆవిడ చేపలు తోముతూ తలెత్తకుండానే, "తెలీకపోవడమేంటే? బల్ల అందుతుంది కదా," అంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనే అనుకున్నాం. అంకెల మనిషివి నువ్వు."

బల్లలు వేసుకున్న ఇళ్లవాళ్లందరికీ తెలుసట. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

నమోదు 2214. గురువారం.

పోటు 1.7. తూర్పున మబ్బు.

కొత్త స్తంభాలు రావాలంటే మూడేళ్లు పడుతుంది. ఉన్న 367 మీటర్లలో పద్నాలుగు పంట్లని తొమ్మిదేసి మీటర్ల దూరంలో పెట్టడం ఆ దేవుడి వల్ల కూడా కాదు. ఒక పంటు వరస వదిలి వెళ్లాలి. ఒక్కటి వెళ్తే చాలు, మిగతా పదమూడు సుఖంగా సర్దుకుంటాయి, సందుకి తొమ్మిదింబావు చొప్పున వస్తుంది. వెళ్లే పంటుకి దక్షిణాన రాతి గోడ వెనక మరమ్మతుల రేవు ఉంది. అక్కడ భయం లేదు. మనుషులూ లేరు.

ఎవరు వెళ్లాలో ఆలోచించడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. డ్రాయింగ్‌లో చెయ్యి పెట్టగలిగిన మనిషి నాకు ముందు ఒక్కడే. ఆయనా నాలుగో వరసలోనే ఉంటాడు, పద్నాలుగో పంటు. ఒళ్లు మండిపోయింది. పద్నాలుగుని పట్టుకుని రేవులోకి లాగి పడేశాను, మిగతావి సమంగా పరిచాను. నాలుగు నిమిషాల పని. వదల్లేదు, దాచి ఉంచాను. ఆ ముక్క మొహం మీదే చెప్పి వద్దామని బయల్దేరాను.

పోతురాజు బాబాయ్‌కి డెబ్భై ఆరు. చూపు ఆనదు. చేటలో బియ్యం పోసుకుని వేళ్లతో తడుముతూ రాళ్లేరుతున్నాడు. తుంటి విరిగిన సుబ్బులు పిన్ని లోపల మంచం మీద ఉంది.

"నాలుగో వరస కొలిచాను బాబాయ్."

వేళ్లు ఆగాయి. "స్నాప్ పెట్టే కొలిచావా?"

"పెట్టే కొలిచాను."

"అయితే నిజమే," అన్నాడు. మళ్లీ ఏరడం మొదలుపెట్టాడు.

నేను అరిచాను. ఇక్కడ రాయదగ్గ మాటలు కావు. పదకొండు మంది పోయిన ఊళ్లో, ఆ శవాలని స్వయంగా మోసిన మనిషివి, నీ చేత్తో నువ్వు తొమ్మిది అని అబద్ధం ఎలా టైపు చేశావని అడిగాను. ఆయన అంతా విన్నాడు.

"అడిగితే లేదనలేకపోయానే. ఒకరికి చేశాక రెండోవాళ్లకి చెయ్యనని ఏ మొహం పెట్టుకుని అంటాను? వాళ్లకి చేశారు, మాకెందుకు చెయ్యరూ అన్నారు. ఏడయ్యాక భయమేసింది. అప్పుడే కుర్చీ నీకిచ్చేసి కళ్లు కనపట్లేదన్నాను. నిజంగా కనపడకపోవడం తర్వాత సంగతి."

"మొదట అడిగిందెవరు?"

ఆయన చేటలో ఇంకో రాయి కోసం తడిమాడు. లోపల్నుంచి పిన్ని, "చెప్పెయ్యండి. దానికీ తెలియాలి," అంది.

"మొదటిది నీ సందేనమ్మా," అన్నాడు.

ఎనిమిదేళ్ల కిందట మా ఆయన వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదు. నేను మంచం దిగలేదు, తినలేదు, పక్కనున్న పిల్ల ఏడ్చినా వినపడేది కాదు. అంతవరకే నాకు గుర్తుంది. మిగతాది బాబాయ్ చెప్పాడు. ఒకరోజు పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే గౌరమ్మత్త తన పంటు అంచున నిలబడి రెండు గంటలు చూసిందట. పడవ లేదు, మధ్యలో తొమ్మిది మీటర్ల నీళ్లు. పడవ వచ్చాక ముందు నా పంటుకి వెళ్లి పిల్లకి పాలు పట్టి, అక్కణ్నుంచి నేరుగా డ్రాయింగ్ గదికి వెళ్లింది.

"బల్ల అందేంత దగ్గరికి జరపమంది. రూలు ఒప్పుకోదన్నాను. ఏడవలేదు, తిట్టలేదు, అలాగే నిలబడింది. అంత మొండి మనిషిని నేను చూళ్లేదు. జరిపేశాను. అంకె మాత్రం తొమ్మిదే ఉంచాను."

చేట పక్కన పెట్టి, "మమ్మల్ని పంపెయ్యి రత్నం. తప్పు నాది," అన్నాడు. డ్రాయింగ్‌లో ఆయన్ని అప్పటికే పంపేశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వచ్చేస్తుంటే పిన్ని, పంటు లాగేటప్పుడు తనని పడవలోకి దించాలంటే మంచంతో సహా మోయాలనీ, నలుగురు మనుషుల్ని చూసి పెట్టమనీ అంది. అంత మామూలుగా అంది.

నమోదు 2215. శుక్రవారం.

పోటు 1.8. వాయుగుండం తుఫానైంది.

వరస పెద్ద తాతారావు గారి పంటు మీద పద్నాలుగు ఇళ్లవాళ్లనీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరు వెళ్లాలనేసరికి మాత్రం అందరికీ ఒకేసారి గొంతులు లేచాయి. ఒకరింట్లో నెలలు నిండిన కోడలు, ఇంకొకరికి కోళ్లు, ఇంకొకరికి జాతకరీత్యా దక్షిణం పనికిరాదు.

అప్పుడు తాతారావు గారు గొంతు సవరించుకున్నారు. "ఇదంతా ఎందుకమ్మా. ఎవరూ ఎక్కడికీ వెళ్లొద్దు. ఉన్న చోటు అందరం సమానంగా పంచుకుందాం. ఎంతొస్తుంది?"

లెక్క కట్టాను. "ఏడు మీటర్ల పదిహేను."

"చాలదూ? అయిదున్నరే ఎనిమిదేళ్లు నిలబడింది."

"ఈ ఎనిమిదేళ్లలో పెద్ద తుఫాను రాలేదండి," అన్నాను. అన్నాను గానీ, ఆయన మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. బల్ల కాస్త పొడుగు చేయించుకుంటే చాలు, అందరం ఉండిపోవచ్చు. ఏడుంబావు దగ్గర పంట్లు గుద్దుకుంటాయని ఎవరు చూశారు? చుట్టూ తలలు ఊగుతున్నాయి. నా తల కూడా ఊగేదే.

"నేను చేసింది అదేనండి," అన్నాడు పోతురాజు బాబాయ్ వెనక నుంచి. ఎవరో చెయ్యి పట్టుకుంటే లేచి నిలబడ్డాడు. "మీ మొహాలు చూసి, ఇంత చాల్లే అనుకుని పెట్టాను. తొమ్మిదని ఎందుకు పెట్టారో ఆ పదకొండు మందిని మోసినోళ్లకి తెలుసు. నేను మోశాను. నా పంటు తీసెయ్యండి."

అందరూ నా వైపు చూశారు.

ఈ ఊళ్లో మొదటి అబద్ధపు అంకె నా గుమ్మం ముందు పడింది. దాన్ని చూసే మిగతా ఆరుగురూ అడిగారు. ఆరేళ్లుగా అది నా కళ్లెదుట ఉంటే కొలవకుండా చదివింది నేను. పోనీ అవన్నీ పక్కన పెట్టినా, మంచం మీది మనిషిని రేవులో ఒంటరిగా కట్టేసి నేను బల్ల దాటి ఇంటికెళ్లలేను. "ఆరో పంటు వెళ్తుంది," అన్నాను.

గౌరమ్మత్త లేచింది. "నీకు మతి పోయిందా? పిల్ల సంగతేంటి?"

"తుఫాను వెళ్లేదాకా నీ దగ్గరే ఉంచుతాను అత్తా. నేను డ్రాయింగ్ గది వదిలి రాలేను కదా."

"తర్వాతో?"

ఆవిడ చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

డ్రాయింగ్ గదికొచ్చి, పద్నాలుగుని మళ్లీ వరసలో పెట్టాను. ఆరుని పట్టుకున్నాను. ఈసారి నాలుగు నిమిషాల్లో అవలేదు.

నమోదు 2216. శనివారం.

పోటు 1.8. డ్రాయింగ్ వదలకముందు ఏడు బల్లలూ తీయించాను. ఎవరి బల్ల వాళ్లే తీసుకున్నారు. మా బల్ల గౌరమ్మత్త ఒక్కతే లాగేసుకుంది, భద్రాన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు.

అయిదున్నరకి వదిలాను. వించ్‌లు ఎప్పుడూ లేనంతసేపు మూలిగాయి. నా పంటుని భద్రం రేవులోకి లాక్కెళ్లి నాలుగు లంగర్లు వేశాడు. వరసలో నా చోటు మూసుకుపోయింది, అయిదో పంటు పక్కకి ఏడోది వచ్చింది. తర్వాత లేజర్ పట్టుకుని పన్నెండు సందులూ చేత్తో కొలిచాను. అన్నీ 9.25. అంకెల మీద రెండుసార్లు నొక్కి చూశాను. గడులన్నీ ఖాళీ.

నమోదు 2219. మంగళవారం. తుఫాను.

పొద్దున్న 7.10. గాలి గంటకి తొంభై కిలోమీటర్లు. అన్ని పంట్ల తలుపులూ మూసి ఉన్నాయి. ప్రసన్న ఏడో పంటులో ఉంది. భద్రం కూడా అక్కడే నడుముకి తాడు కట్టుకుని వసారాలో కూర్చున్నాడు. అయిదుకీ ఏడుకీ మధ్య దూరం పావుగంటకోసారి వైర్‌లెస్‌లో చెబుతాడు. నేను రాయాలి. ఈ గదిలో నాకున్న పని అదొక్కటే.

8.30. తక్కువలో తక్కువ 7.90.

9.15. 6.60.

10.00. గాలి నూట యాభై. 4.70. నిజానికి నేను కూర్చోలేక నిలబడి రాస్తున్నాను.

10.45. 3.20. "అక్కా, ఎదురింటోళ్ల గోడ మీద బల్లి కనపడుతుంది," అన్నాడు భద్రం. నవ్వబోయి ఊరుకున్నాడు. వెనకాల పిల్ల ఏదో పాట పాడుతోంది, గౌరమ్మత్త గట్టిగా తాళం వేస్తోంది.

11.20. వైర్‌లెస్ పలకలేదు.

11.35. పలకలేదు. నూకాలమ్మ తల్లీ అని రాస్తే నియమం ఒప్పుకోదు. రాస్తున్నాను.

11.50. భద్రం దొరికాడు. కెరటం కొట్టి వైర్‌లెస్ తడిసిందట. అన్నిటికన్నా పెద్దది అప్పుడే వచ్చిందన్నాడు. ఆ సమయానికి దూరం ఎంత ఉందని అడిగాను.

"ఒకటీ ఎనభై అయిదు. తగల్లేదక్కా."

తొమ్మిదింబావులోంచి ఒకటీ ఎనభై అయిదు తీసేస్తే ఏడూ నలభై. రెండు పంట్లూ కలిసి అంత ఊగాయి. ఏడూ పదిహేను పెట్టి ఉంటే నా కూతురున్న గోడ పగిలేది. కూర్చుని ఏడ్చాను. పది నిమిషాల ఏడుపు ఇక్కడ నమోదు చేస్తున్నాను.

2.30. గాలి తగ్గుతోంది. నాలుగో వరసలో ఏ పంటూ దేన్నీ తాకలేదు. బాబాయ్‌కి కబురు పంపాను. ఎంత దగ్గరికొచ్చాయని అడిగి, అంకె రెండుసార్లు చెప్పించుకున్నాడట.

నమోదు 2222. శుక్రవారం.

పోటు 1.3. ఎండ కాసింది.

నా కొత్త చోటుకి దూరం చూపులు బాకీ ఉన్నాయి. రేవుకి దగ్గరి పొరుగు నాలుగో వరసే, అందులోంచి ఒక ఇల్లాలు వచ్చి అంకె చూసి ఒప్పుకోవాలి. నాతో వారం నుంచి మాట్లాడని గౌరమ్మత్త, తనే వస్తానని భద్రంతో కబురంపింది. వచ్చి తెర ముందు కూర్చుంది. ఈసారి రెండో ఇల్లాలిని నేనే.

ఆవిడ చూస్తుండగానే స్నాప్ పెట్టి, నా పంటు మూల నొక్కి, ఆవిడ పంటు మూల నొక్కాను. 212.40.

"ఇదేంటే, ఇన్ని అంకెలు?"

"దూరం అత్తా. మనిద్దరికీ."

ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూసింది. తర్వాత నెమ్మదిగా, "తొమ్మిదని రాసెయ్యవే. ఎవరికి నష్టం? రేవులో నువ్వొక్కదానివే, గుద్దుకోడానికి అక్కడేముంది?" అంది.

నిజమే, ఎవరికీ నష్టం లేదు. నా చెయ్యి అంకె మీదికి వెళ్లింది. రెండుసార్లు నొక్కాను. గడి తెరుచుకుంది. లోపల ఖాళీగా ఉంది. బాబాయ్‌కి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన మీద మిగిలిన కాస్త కోపమూ పోయింది.

ఏమీ రాయకుండా గడి మూసేశాను. "రాయలేనత్తా," అన్నాను.

ఆవిడ తిట్టలేదు. బొటనవేలు సిరాలో అద్ది, 212.40 పక్కన నొక్కింది. నేను పెట్టిన పటికబెల్లం బుగ్గన పెట్టుకుని, పడవ వైపు వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"రేపట్నుంచి బడికెళ్లే ముందు పిల్లకి జడెవరు వేస్తారు?"

"నేను వేస్తాలే," అన్నాను.

నాకు జడ వెయ్యడం రాదు. ఎనిమిదేళ్లలో నేర్చుకోవలసిన అవసరం పడలేదు. ఆవిడ వెనక్కొచ్చి, నా కుర్చీ ముందు నేల మీద కూర్చుని, ముడి విప్పి, జుట్టు నా చేతిలో పెట్టింది. "మూడు పాయలు తియ్యి. సమంగా," అంది.